కాలనీ ఎందుకు నవ్వదు?

ఊరు నవ్వుతుంది. ఊరు ఏడుస్తుంది, ఊరు కూడుతుంది, ఊరు వెలివేస్తుంది, మాట పడితే ఊరు మీద పడుతుంది. ‘వాడి పెళ్ళికి ఊరు కదిలింది’ అంటే విన్నవాడికి వివరం అక్కర్లేదు. మనిషి చేసే పని ఏది తెచ్చి పక్కన పెట్టినా ఊరు అనే మాట తడబడకుండా మోస్తుంది. ఇప్పుడు ఆ చోట కాలనీ పెట్టి చూడండి. కాలనీ నవ్వింది. కాలనీ వెలివేసింది. కాలనీ మీద పడింది. వ్యాకరణం తప్పు లేదు గానీ, వాక్యం నిలబడదు. దానికి ఏదో ఒక ఊతకర్ర కావాలి: కాలనీ వాళ్ళు, కాలనీ అంతా, పత్రికల్లో అయితే ‘కాలనీవాసులు’. ఆ కాలనీవాసులు కూడా పత్రికలో కనిపించేది సాధారణంగా ఖాళీ బిందెలతో రోడ్డు మీదే.

ఈ తేడా చిన్నదని నాకు అనిపించదు. తెలుగులో ఊరు కర్త. కాలనీ ఎక్కువగా అధికరణం: కాలనీలో, కాలనీకి, కాలనీ దాటాక, కాలనీ మొదట్లో. పనులు దానిలో జరుగుతాయి, అది పనులు చేయదు.

ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా, అక్కడి నుంచి గోదావరి దాటి ఆంధ్ర వైపు దిగినా, కెమెరా పట్టుకుని తిరిగేవాడికి ఈ పదేళ్ళలో కంటికి ఎక్కువగా తగిలింది కాలనీలే. డబుల్ బెడ్‌రూం కాలనీలు, ఇందిరమ్మ కాలనీలు, బైపాస్ పక్కన వెంచర్లు, పోలవరం ముంపువాళ్ళకు కట్టిన పునరావాస కాలనీలు. ఫొటో తీయడానికి ఇవి మహా అనుకూలం. ఒకే ఎత్తు, ఒకే రంగు, తిన్నగా పోయే రోడ్డు, చివర నీళ్ళ ట్యాంకు. ఎవరు తీసినా ఫ్రేము కుదురుతుంది. కోయగూడెంలో అలా కుదరదు. ఒక ఇల్లు తూర్పుకు, ఒకటి ఇప్పచెట్టుకు, ఒకటి మేనమామ ఇంటికి ఎదురుగా ఉంటుంది. ఎక్కడ నిలబడితే ఊరు మొత్తం కనిపిస్తుందో తెలియదు, ఎందుకంటే అలాంటి చోటు ఉండదు.

మాట పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ‘కొలెరె’ అంటే నేల దున్నడం, సాగు చేయడం. ‘కొలోనుస్’ అంటే రైతు. రోమన్లు గెలిచిన నేల మీద తమ పాత సిపాయిలకు పొలాలు పంచి కూర్చోబెట్టిన చోటు ‘కొలోనియా’. జర్మనీలోని కొలోన్ నగరం ఆ పేరే ఇప్పటికీ మోస్తోంది. కల్చర్, అగ్రికల్చర్ ఈ మాటకు తోబుట్టువులు. అంటే రోమన్ కాలనీలో ముందు పొలం, ఆ తర్వాతే ఇల్లు. మన పునరావాస కాలనీలో క్రమం తిరగబడింది. ఇల్లు ముందు వచ్చింది. భూమికి భూమి ఇస్తామన్న మాట చుట్టూ అర్జీలూ తగాదాలూ ఇంకా నడుస్తూనే ఉన్నాయి. దున్నడమనే అర్థంలో పుట్టిన మాట చివరికి దున్నడానికి నేల లేని చోటుకు పేరయింది.

ఇంగ్లీషువాడి కాలనీని మనం ‘వలస రాజ్యం’ అన్నాం. ఆ వలసే వలసకూలీలోనూ ఉంది. దొరకూ కూలీకీ ఒకటే మాట ఇచ్చిన భాష మనది, ఎందుకిచ్చిందో ఆలోచించదగ్గదే. కానీ ఇళ్ళ కాలనీని మాత్రం ఎవరూ వలస అనలేదు. అనివుంటే కనీసం పోలవరం విషయంలో మాట సరిగ్గా అతికేది.

కాలనీకి తెలుగునాట రెండు జీవితాలున్నాయి. పట్నంలో అది హోదా: బ్యాంక్ కాలనీ, ఎన్జీవోస్ కాలనీ. ఉద్యోగం, లోను, మేడ ఉన్నవాళ్ళ చిరునామా. పల్లెలో అదే మాట ఊరి చివరికి వెళ్ళి నిలబడుతుంది. ప్రభుత్వం దళితులకు స్థలాలిచ్చి కట్టించిన ఇళ్ళ వరస ‘హరిజన కాలనీ’ అయింది. తర్వాత కొన్నిచోట్ల అంబేద్కర్ కాలనీ అయింది, వాడుకలో ఉత్త ‘కాలనీ’ అయింది. ‘ఎక్కడ ఉంటావు?’ అంటే ‘కాలనీలో’ అని జవాబు. అడిగినవాడికి కులం తెలిసిపోయింది. అడగాలనుకున్నది కూడా అదే. ఖమ్మం, నల్లగొండ పల్లెల్లో దానికి ముందు ఆ చోటుకు వాడిన మాట గూడెం. మాదిగగూడెంలో పుట్టినవాళ్ళకు కాలనీ అనే ఇంగ్లీషు మాట కొంచెం ఊపిరి ఇచ్చివుండొచ్చు. పాత మాట మోసిన బరువు కొత్త మాటకు మొదట్లో ఉండదు కదా.

అందుకే ఊరి మీద నా ప్రేమను అదుపులో పెట్టుకోవాలి. ‘ఊరూ వాడా ఏకమైంది’ అనే నుడికారం ఎంత బాగుంటుందో అంత బయటపెడుతుంది కూడా. వాడ ఊళ్ళో భాగమే అయితే దాన్ని విడిగా చెప్పడం ఎందుకు? ఊరు నవ్వుతుంది అన్నప్పుడు ఆ నవ్విన ఊళ్ళో వాడ ఉందా? వెలివేసేది ఊరు, వెలిపడేది వాడ అయిన సందర్భాలు ఎన్ని! ఊరికి కర్తృత్వం ఊరికే రాలేదు. కొందరిని బయట నిలబెట్టి సంపాదించుకుంది. ‘కమ్యూనిటీ పోయింది’ అని బాధపడే పట్నపు వ్యాసాల్లో ఈ సంగతి సాధారణంగా కనపడదు. అన్నట్టు, కమ్యూనిటీ అనే మాటను మనం ఏం చేశామో చూడండి. ‘మీ కమ్యూనిటీ ఏంటి?’ అంటే మర్యాదగా కులం అడగడం. కమ్యూనిటీ హాలు అంటే పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే షెడ్డు. గేటెడ్ కమ్యూనిటీ అంటే గోడ, గేటు, వాచ్‌మన్. మూడింట్లో ఏదీ మనం పోగొట్టుకున్నామని చెప్పుకునేది కాదు.

గూడెం మాట మాత్రం అడవి అంచున ఇంకో రకంగా బతికింది. కొత్తగూడెం, దుమ్ముగూడెం, ఆంధ్ర వైపు బుట్టాయగూడెం, జంగారెడ్డిగూడెం. ఖమ్మం పట్టణం నడిమధ్యన మామిళ్ళగూడెం, శివార్లలో గొల్లగూడెం. చెట్టు పేరో, వృత్తి పేరో, తొలిసారి గుడిసె వేసిన మనిషి పేరో ముందు నిలిచి, వెనక గూడెం కూర్చుంది. చెవికి దాని పక్కన గూడు వినిపిస్తుంది. గుడి, గుడిసె కూడా వినిపిస్తాయి గానీ, బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో వాటిది వేరే ఇల్లు. వేలేరుపాడు, బూర్గంపాడు లాంటి పేర్ల చివర పాడు కనిపిస్తే కొత్తవాళ్ళు పాడుబడ్డ ఊరనుకుంటారు. పేర్లలో అది ఊరికి పెట్టే తోకే. ముంపు జాబితాలో చేరాక ఆ రెండో అర్థం కూడా చెవిలో మోగుతుందనేది వేరే సంగతి.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అడవిలో ఇంకో మాట ఉంది, గుంపు. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వా జుడుం రోజుల్లో చెట్టుకొకరు పుట్టకొకరు అయి ఇటు దాటివచ్చిన గుత్తికోయలు అడవిలో గుడిసెలు వేసుకున్న చోట్లను జనం ‘గుంపు’ అనే పిలుస్తున్నారు. పదో పాతికో ఇళ్ళు, ఒక బోరు ఉంటే ఉంటుంది. ఫారెస్టువాళ్ళ లెక్కలో ఆక్రమణ, రికార్డులో ఊరు కాదు. పిలిచేవాళ్ళ నోట ఆ మాటలో కొంత చిన్నచూపు కూడా ఉంది. గుంపు అంటే మంద కూడా కదా. అయినా పదచర్చ చేసేవాడికి అది విలువైన మాట. ఇళ్ళను కాకుండా మనుషులనే ఊరి పేరుగా పెట్టుకున్న మాట అది. గుంపు కదులుతుంది, ఆగుతుంది, కూర్చుంటుంది. ఒక్క క్రియ కూడా దాన్ని వదిలిపోదు.

పోలవరం ముంపు పల్లెల పేర్లలో గొంది ఉంది. దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది. గొంది అంటే ఇరుకు సందు, కొండల మధ్య మూల. ఆనకట్ట కట్టే చోటికి దగ్గర కావడంతో ముందుగా లేవాల్సి వచ్చిన ఊళ్ళలో ఇవి ఉన్నాయి. గొందిని ఎత్తి మైదానంలో వెడల్పు రోడ్ల మధ్య పెడితే పేరులో మూల ఉంటుంది, నేల మీద ఉండదు.

పాత ఖమ్మం జిల్లా కథ ఇంకొంచెం మెలికది. 2014లో రాష్ట్రం విడిపోయాక పోలవరం ముంపు కోసమని ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, కొన్నింటిని పూర్తిగా, కొన్నింటిని కొంతమేర. మే నెలలో ఆర్డినెన్సు, జులైలో పార్లమెంటు ఆమోదం. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకున్న ఎటపాక లాంటి ఊళ్ళు అటు వెళ్ళాయి. రాముడి గుడి ఇటు, గుడి చుట్టూ ఊళ్ళు అటు. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల వాళ్ళకు మొదట ఊరు మారకుండానే రాష్ట్రం మారింది. ఆ తర్వాత రాష్ట్రం మారకుండానే ఊరు మారింది. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, తొలిదశకు పెట్టుకున్న గీత 41.15 మీటర్లు. లక్షకు పైగా కుటుంబాల సంగతి ఈ రెండు అంకెల మధ్య నలిగింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు రావడం అదే. ఆ వరదలో ఈ మండలాలు మునిగాక, కాలనీకి పోవాలా వద్దా అని తేల్చుకోనివాళ్ళు చాలామంది తేల్చుకున్నారు.

వాళ్ళకు కట్టిన కాలనీల్లో పెద్దది జంగారెడ్డిగూడెం పక్కన తాడువాయి దగ్గర ఉంది. ఒక ఊరివాళ్ళు కాదు, చాలా ఊళ్ళవాళ్ళు ఒకే చోట. రోడ్డు, కరెంటు, బడి, ఆసుపత్రికి దగ్గర. వీటిని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళు వానాకాలంలో నిండు గర్భిణిని మంచం మీద వాగు దాటించి చూడాలి. కానీ తునికాకు లేదు, ఇప్పపువ్వు లేదు, వెదురు లేదు, పశువును తోలుకుపోయే చోటు లేదు. స్లాబు ఇంటి ముందు తాటాకు పందిరి వేసుకున్నవాళ్ళు కనిపిస్తారు. పగలంతా దాని కిందే ఉంటారు. కెమెరాకు ఆ పందిరి అడ్డం. నాకు ఫొటోలో కావాల్సింది అదే.

కోయల్లో గట్టు అనే లెక్క ఒకటుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు. ఇంటిపేర్లన్నీ ఏదో ఒక గట్టు కిందికి వస్తాయి. ఒకే గట్టువాళ్ళు అన్నదమ్ముల వరస, పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఉండదు. అక్కడ అంకె మనిషిని మనిషికి కట్టేస్తుంది. ‘ఐదో గట్టు’ అని చెప్పగానే ఎవరు మామ, ఎవరు బావ అనేది తేలిపోతుంది. కాలనీలో కూడా అంకెలే ఉన్నాయి. బ్లాకు నంబరు, ఇంటి నంబరు, లాటరీలో వచ్చిన వరస. ఐదో బ్లాకు అంటే ఎవరికి ఎవరు ఏమవుతారో తెలియదు, కరెంటు బిల్లు ఎక్కడ ఇవ్వాలో తెలుస్తుంది. విజ్జా పండుం, అంటే విత్తనాల పండుగ, ఏ రోజు చేయాలో పెద్దలు కూర్చుని తేలుస్తారు. ‘ఊరు పండుం చేస్తోంది’ అనే వాక్యానికి కర్త దొరుకుతుంది. నాలుగూళ్ళవాళ్ళు కలిసి ఉన్న కాలనీలో ఏ ఊరి పెద్ద కూర్చోవాలి? విత్తడానికి పొలం లేకపోతే ఏ విత్తనం?

కోయ భాషలో ‘లోన్’ అంటే ఇల్లు. ఖమ్మం వెంచర్లలో ప్లాటు కొన్నవాడికి కూడా ఇల్లంటే లోనే, ఇరవయ్యేళ్ళ పాటు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘లోన్’ షష్ఠీ విభక్తి. ఈ మూడు లోన్‌లకూ చుట్టరికం కలపబోను. కానీ ఈ నేల మీద ఇల్లు అనే విషయం గురించి ఎవరు ఏ మాట అన్నా చివరికి అక్కడికే వస్తోంది.

ఇళ్ళ పేర్ల గురించి చెబుతూ గృహకల్పను వదలలేను. రాజశేఖరరెడ్డి కాలంలో పట్నాల్లోని పేదలకు కట్టిన ఫ్లాట్లకు రాజీవ్ గృహకల్ప అని పేరు. ఖమ్మంలోనూ ఉంది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగినప్పుడు వార్తల్లో ఆ పేరు చాలాసార్లు వినిపించింది. పెట్టినవాళ్ళ మనసులో కల్పవృక్షం ఉందేమో. సంస్కృత వ్యాకరణం తెలిసినవాడికి మాత్రం వేరే అర్థం తడుతుంది. మాట చివర ‘కల్ప’ చేరితే ‘ఇంచుమించు, పూర్తిగా కానిది’ అని పాణిని చెప్పాడు. మృతకల్పుడు అంటే దాదాపు చచ్చినవాడు. గృహకల్ప అంటే దాదాపు ఇల్లు. ఇంత నిజాయితీగా ఏ ప్రభుత్వమూ తన పథకానికి పేరు పెట్టుకుని ఉండదు.

మరి కాలనీ ఎప్పుడూ అధికరణమేనా? కాదు. పాల్వంచలో కేటీపీఎస్ విద్యుత్ కేంద్రం కాలనీ, కొత్తగూడెంలో సింగరేణి క్వార్టర్లు, రైటర్ బస్తీ, బాబు క్యాంపు చూడండి. అవీ ప్లాను గీసి కట్టిన ఇళ్ళే, అవీ నంబర్లే, అక్కడికి వచ్చినవాళ్ళూ పది జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే. అయినా అక్కడ పెరిగినవాళ్ళు ‘మా కాలనీ ఒప్పుకునేది కాదు’ అని మాట్లాడటం వింటాం. కాలనీ సమ్మె చేసింది, కాలనీ వినాయకుణ్ణి కూర్చోబెట్టింది. ఒకే సైరన్ అందరినీ లేపేది, ఒకే గనిలో ప్రమాదం జరిగితే ఏ గుమ్మం వైపు మనుషులు నడుస్తారో తెలియక అన్ని గుమ్మాలూ భయపడేవి. ఒకరికొకరు చేబదులు ఇచ్చుకున్నారు. డబ్బూ, ప్రాణమూ. కాబట్టి తప్పు తిన్నటి రోడ్డుది కాదు, ఒకేలా ఉన్న గోడలదీ కాదు. కలిసి చేసే పని లేకపోతే ఏ మాటకూ క్రియ అంటదు. పనుంటే దిగుమతి మాట కూడా ఊరైపోతుంది. ఆ పని కూడా శాశ్వతం కాదు. కేటీపీఎస్ పాత స్టేషన్ల ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న కూల్చేశారు. అవి కూలిన వీడియో జిల్లా అంతా ఫోన్లలో తిరిగింది.

ఇలాంటి చోట్లను ఫొటో తీయడం అమెరికాలో ఒక కళగా స్థిరపడింది. 1975లో రాచెస్టర్‌లో ‘న్యూ టోపోగ్రాఫిక్స్’ అనే ప్రదర్శన జరిగింది. శివారు ఇళ్ళ వరసలు, గోదాములు, ఖాళీ రోడ్లు. రాబర్ట్ ఆడమ్స్ కొలరాడోలో తీసిన ఇళ్ళు, లూయిస్ బాల్ట్జ్ గోడలు అందులో ఉన్నాయి. కూలింగ్ టవర్లను వరసలుగా ఫొటో తీసిన జర్మన్ దంపతులు బెకర్లు కూడా అందులో ఉన్నారు. మనుషులు ఎక్కువగా కనపడరు. చల్లగా, తీర్పు చెప్పకుండా ఉన్నట్టు ఉంటాయి ఆ ఫొటోలు. అంతకు రెండేళ్ళ ముందు, 1973లో, కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో పత్రికా ఫొటోగ్రాఫరుగా ఉన్న బిల్ ఓవెన్స్ ‘సబర్బియా’ పుస్తకం వేశాడు. అతను ఇళ్ళలోకి వెళ్ళాడు. వంటగది, పిల్లాడు, పుట్టినరోజు. ఫొటో కింద ఆ ఇంటివాళ్ళు అన్న మాటలే రాశాడు. ఆడమ్స్ ఫొటోలు గొప్పవి, ఓవెన్స్‌వి అంత గొప్పవి కావని చాలామంది అంటారు. ఉండొచ్చు. కానీ కాలనీని కర్తగా నిలబెట్టాలంటే ఓవెన్స్ దారే దారి అని నా నమ్మకం. ఫొటో తనంత తానుగా చెప్పగలిగేది ‘ఇక్కడ’ అని మాత్రమే. ‘ఎవరు’ అనేది కింద రాసే వాక్యం చెప్పాలి.

మన దగ్గర ఈ మన్యాన్ని పద్ధతిగా ఫొటోలు తీసినవాళ్ళలో ముందుగా చెప్పాల్సింది మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. నిజాం రాజ్యంలో ఉండగా పాపికొండల గోదావరి ఒడ్డున కొండరెడ్ల ఊళ్ళు తిరిగి 1945లో ‘ద రెడ్డిస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ పుస్తకం వేశాడు. ఆయన ఫొటోలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ ఒడ్డు మాత్రం ముంపు గీత కిందికి వచ్చింది. ఆయన ఫొటోల్లో ఇంటికంటే మనిషి ముందు కనిపిస్తాడు.

ఇప్పుడు ప్రభుత్వం తీయించే ఫొటో వేరు. 2024 మార్చి 11న భద్రాచలంలోనే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలుపెట్టారు, ఇంటికి 5 లక్షలు. బేస్‌మెంటు, గోడలు, స్లాబు. ఏ దశకు ఆ దశ ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. ఫొటో మూలన అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం. డబ్బు పక్కదారి పట్టకుండా అది అవసరమే, కాదనను. వ్యాకరణం దృష్టితో చూస్తే అంత శుద్ధమైన అధికరణం ఇంకోటి లేదు. ఇంటామె పక్కన నిలబడే ఉంటుంది. ఆమెది కూడా ఒక ఆనవాలే, బేస్‌మెంటు లాగే.

తెలుగులో కొత్తవాణ్ణి అడిగే ప్రశ్నలు రెండు. ‘మీదే ఊరు?’ ఒకటి. ‘ఎక్కడ ఉంటున్నారు?’ ఇంకోటి. మొదటిది షష్ఠి, ‘మాది ఫలానా’ అని జవాబు వస్తుంది. రెండోది సప్తమి, చోటు చెబితే చాలు. పునరావాస కాలనీలో మొదటి ప్రశ్నకు ఖాళీ చేసి వచ్చిన ఊరి పేరే చెబుతారు, రెండో ప్రశ్నకే కాలనీ పేరు వస్తుంది. పట్నం శివార్లలో లోను కట్టుకుంటున్నవాళ్ళూ అంతే అనుకోండి, కాకపోతే వాళ్ళ ఊరు బస్సెక్కితే వస్తుంది. కాలనీలోనే పుట్టిన పిల్లలు బళ్ళో చేరి ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు చెబుతారా, రెండు చెబుతారా అన్నది వాళ్ళిష్టం. నా ఫొటోల కింద మాత్రం ప్రస్తుతానికి రెండూ రాస్తున్నాను: ముందు ఊరి పేరు, తర్వాత కాలనీ పేరు, ఆ తర్వాత పందిరి కింద కూర్చున్న ఆవిడ ‘ఇంట్లో ఉక్కపోస్తోంది, ఇటు వచ్చి కూర్చో బాబూ’ అన్న మాట.